సగం బ్యాటరీతో జైపూర్‌కి

మట్టి ముద్దలోకి తన ఊపిరి ఊది దాన్ని మనిషిగా లేపిన దేవునికి స్తోత్రం. అడగకుండానే, నిద్రలో కూడా, ఒక శ్వాస వెనక ఇంకొక శ్వాస ఇస్తూ వస్తున్న ఆయన కృపకు స్తోత్రం. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు నా లోపల స్తుతి కంటే భయమే ఎక్కువగా ఉంది. అయినా మా అమ్మ నేర్పిన వరుస ఇదే. ముందు స్తుతి, తర్వాతే మన ఏడుపు.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడ్డవాళ్లం. నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్‌ని. ద్వారకలో ఉంటాం. మా తెలుగు సహవాసం ఆదివారం ఆదివారం కరోల్ బాగ్‌లో ఒక అద్దె హాల్లో కూడుతుంది. అక్కడ నేను సంఘపెద్దను. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పేదీ నేనే. పిల్లలు తెలుగు పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని పాడతారు, నేను ఉచ్చారణ దిద్దుతాను.

మా పాత డీజిల్ కారుకు పదేళ్లు నిండాయి. ఢిల్లీలో అలాంటి బండి ఇక తిరగకూడదు. దాన్ని అమ్మేశాక ఏం కొనాలన్న ప్రశ్న వచ్చింది. ఆ చలికాలం మా ప్రార్థన విన్నపాల్లో సగం ఊపిరి గురించినవే. ఒకరి బాబుకు నెబ్యులైజర్, ఒకరి అత్తగారికి ఆయాసం, పాట మధ్యలో దగ్గి కూర్చుండిపోయే ముసలాయన. కిటికీ తీస్తే కాలిన వాసన. పొరుగువాడిని ప్రేమించమని బోధించే నేను వాడి ముక్కులోకి పొగ వదలడం తగదని అనిపించింది. కరెంటు కారు కొన్నాను. మోకరించి నిర్ణయించుకున్న సంగతి కాబట్టి అది నాకు విధేయత లాంటిది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థించి ఇచ్చారు.

సంఘంలో ఒక తమ్ముడు ఉన్నాడు. హైదరాబాద్ కుర్రవాడు, గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెట్రోలు కారు. నా కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి నవ్వాడు.

"సిటీల మంచిగుంటది అన్నా. హైవే ఎక్కినవనుకో, రోడ్డు చూడవు, గా నంబరే చూస్తవ్."

"నువ్వు పెట్రోలు ముల్లు చూడవా?" అన్నాను.

"చూస్త. అయిపోతే బంకుల పోయించుకుంట. నువ్వు బంకుకాడ కాపురం పెట్టాలె."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఊళ్లో తిరగడానికి ఆ కారుతో ఏ చిక్కూ లేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి ధౌలా కువాన్ దగ్గర ఇద్దరు కాలేజీ అమ్మాయిలను ఎక్కించుకుని, జియా సరాయ్ వెళ్లి అక్కడి గదుల్లో పోటీ పరీక్షలకు చదువుకునే అబ్బాయిని ఒకణ్ణి ఎక్కించుకుని హాలుకు వచ్చేవాళ్లం. ఆరాధన అయ్యాక అందరినీ దింపి, ఇంటికి వచ్చి, అప్పుడు ఛార్జింగ్ పెట్టేవాణ్ణి. వారానికి ఆ ఒక్కసారి సరిపోయేది. ఆ అలవాటు వల్లే మా కారు ఆదివారం మధ్యాహ్నానికి ఎప్పుడూ సగంలో ఉండేది.

నా భార్యకు ఒక్కతే చెల్లెలు. వాళ్లమ్మ పోయినప్పుడు చెల్లెలు ఇంకా పలక పట్టుకుని బడికి వెళ్లే వయసులో ఉంది. జడ వేయడం దగ్గర్నుంచి పెళ్లిచీర మడతలు పెట్టడం దాకా అక్కే చేసింది. మాకు పిల్లలు లేరు. ఆ పిల్ల జైపూర్‌లో ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. భర్తకూ అక్కడే ఉద్యోగం. ఈ జనవరిలో జ్వరంతో మొదలై నిమోనియా అయి ఆసుపత్రిలో చేరింది. తగ్గుతోంది అన్నారు. శనివారం వీడియోలో మాట్లాడింది కూడా, మాస్కు పక్కకు లాగి.

ఆ ఆదివారం ఆశీర్వాదం అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటున్నారు. నా భార్య ఫోన్‌లో తోడల్లుడి కాల్. ఆమె స్పీకర్ పెట్టింది.

"వదినా, రాత్రి నుంచి బాగా తిరగబెట్టింది. గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలంటున్నారు. వేశాక మాట్లాడలేదంట. తను ఒప్పుకోవట్లేదు. అక్క వచ్చాకే వెయ్యండి అంటోంది. ఆలస్యం చేసేకొద్దీ ప్రమాదం అని డాక్టర్లు నా మీద అరుస్తున్నారు. మీరు బయల్దేరండి వదినా."

అంటే మేము చేరేదాకా ఆ పిల్ల తన సొంత ఊపిరితోనే మా కోసం ఆగుతుంది. మేము ఎంత ఆలస్యం చేస్తే అంత దాని ప్రాణం మీదికి. ఆ క్షణం నుంచీ మాకు తెలిసింది ఇదొక్కటే.

ట్యాక్సీ ప్రయత్నించాం. ఆ వారం పొగ ఎక్కువైందని పాత డీజిల్ బండ్లను ఆపేశారు. దొరికిన ఒకడు ఊరు దాటి రానన్నాడు. ఇంకొకడు గంటపైన పడుతుందన్నాడు. పెట్రోలు కారు తమ్ముడు ఆ వారం హైదరాబాద్‌లో ఉన్నాడు. మా కారు మెట్ల ముందే ఉంది. సగం ఉంది. దారిలో ఛార్జింగ్ స్టేషన్లు ఉన్నాయని ఫోన్‌లో మ్యాపు పచ్చచుక్కలతో చూపిస్తోంది. బయల్దేరుదాం అన్నాను. పాస్టరుగారి భార్య, మేమందరం అమ్మగారు అంటాం, అడగకుండానే శాలువా కప్పుకుని వెనక సీట్లో కూర్చున్నారు. అరవై దాటిన మనిషి. ఎవరింట్లో కష్టం వచ్చినా ఆమె చెప్పులు ముందు కదులుతాయి.

గుర్‌గావ్ దాటేదాకా నేను మామూలుగానే నడిపాను. మానేసర్ దగ్గర బ్యాటరీ నంబరు చూసి పెడల్ మీంచి కాలు తీశాను. ఊళ్లో నెమ్మదిగా దిగే బ్యాటరీ హైవే మీద వేగంగా దిగుతోంది. పైగా చలి, హీటర్. హీటర్ ఆపేశాను. కాసేపటికి అద్దం లోపల ఆవిరి పట్టింది. నా భార్య చున్నీ చివరతో తుడుస్తూ కూర్చుంది. వేగం తగ్గించి ఎడమ వరుసలోకి వచ్చి ఒక పెద్ద లారీ వెనక చేరాను. ముందు బండి గాలిని చీల్చుతుంటే మన బండికి శ్రమ తక్కువ. గడ్డి వేసుకున్న ట్రాక్టర్ తప్ప మిగిలినవన్నీ మమ్మల్ని దాటి వెళ్లిపోతున్నాయి. అవతల ఒక పిల్ల ఊపిరి బిగపట్టుకుని ఉంటే నేను లారీ వెనక ఎద్దుబండిలా పోతున్నాను. తొందరగా పోతే మధ్యలో ఆగిపోతాం, నెమ్మదిగా పోతే ఆలస్యమైపోతాం. రెండింటి మధ్యా పెడల్‌ను నొక్కుతూ వదులుతూ పోయాను.

"ఒంటె అయితే ఈపాటికి నీళ్లు తాగించి లేపేవాళ్లం కదా బాబూ" అన్నారు అమ్మగారు, మమ్మల్ని నవ్వించాలని. నేను నవ్వబోయాను. నా భార్య నవ్వలేదు.

తోడల్లుడు మధ్యమధ్య మెసేజ్ పెడుతున్నాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో ఆ అంకె. ఆమె దాన్ని పైకి చదివేది. నా కళ్లముందు బ్యాటరీ అంకె. అది ఎనభై ఎనిమిది అంటే ఇది ముప్ఫై రెండు. అది ఎనభై ఆరు అంటే ఇది ఇరవై ఏడు. కాసేపటికి నేనే అన్నాను, పైకి చదవొద్దని. ఆమె ఆ తర్వాత చదవలేదు. పెదవులు మాత్రం కదిలేవి.

మొదటి స్టేషన్ ధారూహేడా దాటాక. పచ్చచుక్క ఉంది, మిషన్ ఉంది, దాని తెర నల్లగా ఉంది. పక్కనే టీ కొట్టువాడు అది నెల నుంచి అలాగే ఉందని చెయ్యి ఊపాడు. ఎదురుగా పెట్రోలు బంకులో వరుస చకచకా కదులుతోంది. ఒకడు వచ్చాడు, పోయించుకున్నాడు, వెళ్లాడు. ఇంకొకడు వచ్చాడు. నేను కారులో చేతులు కట్టుకుని వాళ్లను చూశాను. అసూయ పాపమని నాకు తెలుసు.

నీమ్రానా దాటి బెహ్రోర్ దగ్గరపడుతుండగా ఒక ధాబా ఆవరణలో రెండో స్టేషన్. బ్యాటరీ పదకొండుకు వచ్చింది. ఇక్కడ మిషన్ వెలుగుతోంది. ఎవరూ లేరు. ఛార్జింగ్ గన్ తీసి కారుకు పెట్టాను, టక్కుమంది, ఫోన్‌లో నొక్కాను, గుర్రుమని శబ్దం. పదకొండు కాస్తా పన్నెండు అయింది. నా భార్య ఆ అంకె చూసి చేతుల్లో ముఖం పెట్టుకుంది. ముప్పావుగంట పెడితే జైపూర్ చేరిపోతాం. ఎండ ఇంకా ఉంది.

అమ్మగారు దిగి వచ్చారు. "ఈ ఖాళీ దేవుడిచ్చింది. కూర్చుని భయపడే బదులు ప్రార్థన చేద్దాం. ఫోన్లు లోపల పడేయండి, మధ్యలో మోగితే మనసు చెదురుద్ది" అన్నారు.

మా సంఘంలో అది పద్ధతి. ప్రార్థనకు ముందు ఫోన్లు సైలెంట్‌లో పెట్టి ఒక బుట్టలో వేస్తాం. అందులో ఆలోచించేది ఏమీ లేదు. ఇద్దరి ఫోన్లూ సైలెంట్‌లో పెట్టి ముందు సీట్లో వేసి తలుపు వేశాం. కారు పక్కన ముగ్గురం గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నాం. ముందు నేను చేశాను. తర్వాత నా భార్య. "ప్రభువా, దాన్ని, దాన్ని" అని చాలాసేపు అంది. ఆ తర్వాత అమ్మగారు అందుకున్నారు.

అమ్మగారి విజ్ఞాపన ప్రార్థన మా అందరికీ తెలుసు. ఎవరినీ వదలరు. డాక్టరు చేతులు, నర్సు కళ్లు, మందు తయారుచేసినవాళ్లు, ఆ పిల్ల కుడి ఊపిరితిత్తి, ఎడమ ఊపిరితిత్తి, గుండె, ఒక్కొక్కటీ పేరుపెట్టి దేవుని ముందు పెడతారు. మధ్యలో ఎక్కడో ధాబా వెనక నుంచి జనరేటర్ మోత మొదలైంది. అమ్మగారు గొంతు పెంచారు. నేనూ విన్నాను ఆ మోత. విని, సాతాను ఆటంకం అనుకుని, ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అది నేను నిజంగా అనుకున్న మాట.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి మా వెనక ఇంకో కరెంటు కారు ఆగి ఉంది. మఫ్లర్ చుట్టుకున్న మనిషి దానికి ఆనుకుని నిలబడ్డాడు. మేము చూశాకే దగ్గరికి వచ్చాడు.

"అంకల్‌జీ, లైట్ తో కబ్ కీ చలీ గయీ. ఆప్ లోగ్ పూజా మే థే, ఇస్‌లియే టోకా నహీ."

కరెంటు పోయి చాలాసేపైందట. మేము పూజలో ఉన్నామని, ఆపకూడదని, పిలవలేదట. మర్యాదగానే చెప్పాడు. నేను వెళ్లి మిషన్ చూశాను. తెర చీకటి. ధాబాలో లైట్లు వెలుగుతున్నాయి, పొయ్యి దగ్గర ఫ్యాన్ తిరుగుతోంది. జనరేటర్ వంటగదికీ దీపాలకూ మాత్రమే. ఛార్జింగ్ మిషన్‌ను అది మోయలేదు. కారులో అంకె పద్నాలుగు. మేము ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికే ఆగిపోయింది. ఆ తర్వాత చేసిన ప్రార్థనంతా చచ్చిన మిషన్ పక్కన నిలబడి చేశాం.

నా భార్య అప్పటికే తలుపు తీసి ఫోన్ చూసింది. వరుసగా కాల్స్, అన్నీ తోడల్లుడివి. తిరిగి చేసింది.

అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. డాక్టరు ఇక ఆగలేనని, కనీసం ఫోన్‌లోనైనా మాట్లాడించమని చెప్పాడట. పిల్ల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూసిందట. మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. అది మోగి మోగి ఆగిపోయింది. ఇప్పుడు డాక్టర్లు బిగుతు మాస్కు పెట్టారు, తీస్తే అంకె పడిపోతోంది, మాట్లాడించడం కుదరదు. అయినా తల అడ్డంగానే ఊపుతోంది. గొట్టానికి ఒప్పుకోవట్లేదు. "అక్క దారిలో ఉంది అని చెప్పాను వదినా. ఇంకెంతసేపు అని వేళ్లతో అడుగుతోంది. ఏం చెప్పను?"

నా భార్య "వస్తున్నా అని చెప్పు" అని ఫోన్ పెట్టేసింది.

నేను నీళ్లు నములుతూ ఏదో అన్నాను, కరెంటు ఇప్పుడే వస్తుందేమోనని, ముందు ఇంకో స్టేషన్ ఉందేమోనని. ఆమె వినలేదు. ధాబా బల్లల వైపు నడిచింది. నేను వెనక వెళ్లాను.

"మీరు రావొద్దు" అంది. "మీరు వస్తే ఇద్దరికి చోటడగాలి. ఒక్కదానికైతే ఎవరో ఒకరు ఇస్తారు. మీరు కారు చూసుకోండి."

ఢిల్లీలో ఇన్నేళ్లున్నా నా భార్య కొత్తవాళ్లతో హిందీ మాట్లాడదు. తప్పులు దొర్లుతాయని సిగ్గు. కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపిస్తుంది. ఆ మనిషి బల్ల బల్ల దగ్గరా ఆగి అడగడం నేను దూరం నుంచి చూశాను. "భయ్యా, జైపూర్ జాతే? మేరా బెహెన్, ఆసుపత్రి." మగవాళ్ల గుంపు ఒకటి తలలు తిప్పుకుంది. ఒక జంట తాము ఢిల్లీ వైపు పోతున్నామన్నారు. మూడోచోట పెళ్లి నుంచి జైపూర్‌కి తిరిగి వెళ్తున్న కుటుంబం. పెద్దాయన, ఆయన భార్య, కూతురు, అల్లుడు. ఆ పెద్దావిడ మొత్తం వినను కూడా వినలేదు. ప్లేటు పక్కకు నెట్టి లేచింది. "చలో దీదీ, బైఠో" అంది. తింటున్న అల్లుడు రొట్టెముక్క చేత్తో పట్టుకునే స్టీరింగ్ దగ్గరికి వెళ్లాడు. మిఠాయి పెట్టెలు సీటు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని నా భార్యకు అరచోటు ఇచ్చారు.

పాత పెట్రోలు కారు అది, ముందు బంపర్ సొట్టపోయి ఉంది. ట్యాంకు నిండా ఉందని, ఎక్కడా ఆగకుండా పోతామని పెద్దాయన నాకు చెయ్యి ఎత్తి చెప్పాడు. నా భార్య బ్యాగు తీసుకోలేదు. వెనక్కి చూడలేదు. కారు కదిలినప్పుడు పొగ నా ముఖానికి కొట్టింది. ఏ వాసన పొరుగువాడికి తగలకూడదని నేను కారు మార్చానో ఆ వాసనలో నిలబడి స్తోత్రం, స్తోత్రం అన్నాను.

ఆ తర్వాత అక్కడ గడిపిన సమయం గురించి ఎక్కువ రాయలేను. కారులో కూర్చున్నాను. పద్నాలుగు. దానితో వెనక్కీ పోలేను, ముందుకీ పోలేను. మఫ్లర్ మనిషి తన కారులో కళ్లు మూసుకుని పడుకున్నాడు. నేను ప్రార్థన చేద్దామని ప్రయత్నించాను. ప్రభువా అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాను. బైబిల్లో పెళ్లికొడుకు కోసం దివిటీలు పట్టుకుని నూనె మరిచిన కన్యల కథ ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పానో. వాళ్లు బుద్ధిలేనివాళ్లని పిల్లలతో గట్టిగా అనిపించేవాణ్ణి. ప్రభువు కూడా ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ల ఇంటికి ఆలస్యంగా వెళ్లాడు, వాళ్ల తమ్ముడు అప్పటికే సమాధిలో ఉన్నాడు. ఆయన ఆలస్యానికి ఒక ఉద్దేశం ఉంది. సమాధి ముందు నిలబడి పిలిచి, చనిపోయినవాణ్ణి లేపగల స్వరం ఉంది. నాకేముంది? ఒక ప్లగ్గు ఉంది.

అమ్మగారు రెండు టీలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. చలికి ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"అమ్మగారూ, మనం ఆయన్నే అడుగుతున్నాం కదా. సరిగ్గా అప్పుడే ఎందుకు పోవాలి?"

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"నాకు తెలియదు బాబూ. తెలుసని ఎవరైనా చెబితే వాళ్ల మాట నమ్మబాకు." తర్వాత కొంగుతో కళ్లొత్తుకున్నారు. "నా ప్రార్థన పొడుగైపోయింది. మీ అయ్యగారు అంటానే ఉంటారు, నీకు ముగించడం రాదే అని."

"అలా అనకండి."

"అననీ. ఆ పిల్ల ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చుందంట. ఫోన్లు లోపల వెయ్యమన్నది నేనే కదా."

నా దగ్గర ఆదరణ వాక్యాలు ఉన్నాయి. ఎన్నో మరణాల ఇళ్లలో అవి చెప్పినవాణ్ణి. ఆమె చల్లారిన టీ తీసుకుని పారబోసి ఇంకొకటి తెచ్చాను. అంతే చేయగలిగాను.

ఎండ పోయి మంచు దిగుతుండగా కరెంటు వచ్చింది. మిషన్ తానంతట తాను మళ్లీ మొదలవలేదు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు గన్ తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి పట్టింది. ఆ అంకె ఎక్కుతున్నంతసేపూ నేను దాని ముందే నిలబడ్డాను. అప్పుడు నా భార్య ఫోన్ చేసింది. చేరాను అంది. చూశాను అంది. ఫోన్ పెట్టేసింది.

మేము ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె ఐసీయూ బయట ఇనుప కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన ఎవరో పెట్టిన మిఠాయి పెట్టె. పెళ్లివాళ్లు దింపి వెళ్లేటప్పుడు ఒళ్లో పెట్టి వెళ్లారట. గొట్టం వేసేశారు. అద్దంలోంచి చూశాను. మా మరదలి ఛాతీ మిషన్ చెప్పినట్టు లేచి పడుతోంది. తోడల్లుడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

జరిగింది ఆమె తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. లోపలికి వెళ్లగానే చెల్లెలు చెయ్యి ఎత్తిందట. డాక్టరు ఒక్క నిమిషం అని మాస్కు కొంచెం వదులు చేశాడు. "బావేడే?" అని అడిగింది. నా భార్యకు అబద్ధం తోచలేదు. "బెహ్రోర్‌లో కారుకి ఛార్జింగ్ పెడతన్నాడు" అంది. ఆ పిల్లకు నవ్వొచ్చింది. ఊపిరి లేని మనిషికి నవ్వు. నవ్వు దగ్గయి, దగ్గు ఆగక, అంకె పడిపోయి, మిషన్లు అరిచి, డాక్టరు కోప్పడి నా భార్యను బయటికి పంపేశాడు. బయటికి వస్తుంటే చెల్లెలు తల ఊపిందట, ఇక వెయ్యండి అన్నట్టు. అదే ఆఖరి మాట ఇప్పటిదాకా.

ఇంకొంచెం ముందు వేసి ఉంటే బాగుండేదా అని నేను డాక్టర్ని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇలాంటివి చెప్పలేం అన్నాడు. ఎవరినీ నొప్పించని జవాబు అది. దాని అర్థం నాకు తెలుసు.

మా సంఘంలో దీన్ని సాక్ష్యంగా చెప్పమని అడుగుతున్నారు. దేవుడు పెళ్లివాళ్లను పంపాడు కదా, సమయానికి చేర్చాడు కదా అంటారు. పంపాడు. నేను కాదనను. ఆ పెద్దావిడ ప్లేటు నెట్టి లేచిన తీరు గుర్తొస్తే ఇప్పటికీ చేతులు జోడిస్తాను. కానీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఎదురుచూసిన పిల్లను మరిచి నేను వేదిక ఎక్కలేను. మైకు ముందు ఆ సగం చెప్పి ఈ సగం దాచలేను. ఇప్పుడే వద్దు అన్నాను.

కార్యాలయంలో కొందరు నన్ను వేరే ప్రశ్న అడుగుతారు. వాళ్లు కరెంటు కారు కొనాలనుకుంటున్నారు, దూరప్రయాణానికి ఎలా ఉంటుంది అంటారు. ఉన్నది చెబుతాను. పెట్రోలు కారైతే ఆ రోజు మేము ఎండ ఉండగానే జైపూర్‌లో ఉండేవాళ్లం. దాన్ని ఏ వాక్యంతోనూ కప్పలేను. అలాగే, ఊపిరి అందక మంచం పట్టినవాళ్లను చూసి వచ్చాక పొగ వదిలే బండి కొనాలంటే నాకు చేయి రాదు. ఈ రెండూ నిజమే. వాటిని ఒకదానితో ఒకటి సమాధానపరచడం నాకు చేతకాలేదు. నిండా ఛార్జింగ్‌తో, తీరికగా, ప్రాణాల మీదికి తెచ్చుకోకుండా వెళ్లేవాళ్లకు ఆ దారి ఏ ఇబ్బందీ పెట్టదని కూడా చెబుతాను. కష్టం మాత్రం సగం బ్యాటరీ ఉన్న ఆదివారం చూసుకుని వస్తుంది.

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చిన తమ్ముడు ఎగతాళి చేయలేదు. ఆరాధన అయ్యాక నా చేతిలో తన కారు తాళాలు పెట్టాడు. "నీ దగ్గరుంచుకో అన్నా. నాకు మెట్రో ఉన్నది. మీరు శనివారం శనివారం పోవాలె గద." పోతున్నాం. ఆ కారులో నేను నంబరు చూడను. నా భార్య దారంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుంటుంది. ప్రార్థన చేసేటప్పుడు కూడా ఇప్పుడు ఆమె దాన్ని వదలదు, అమ్మగారు వదలమనరు.

మరదలు ఇంకా మిషన్ మీదే ఉంది. నోట్లో గొట్టం తీసి మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టారు. ఒక రోజు కళ్లు తెరుస్తుంది, ఒక రోజు తెరవదు. మిషన్ ఆపి చూస్తే కొద్దిసేపు తనంతట తాను పీలుస్తుంది, తర్వాత అలసిపోతుంది. నెల దాటింది. డాక్టర్లు అవుననీ అనరు, కాదనీ అనరు. నా భార్య మంచం పక్కన నిలబడి దాని జుట్టు దువ్వి రెండు జడలు వేసి వస్తుంది, చిన్నప్పటిలాగే. నేను పాదాల దగ్గర నిలబడతాను. నా విశ్వాసం ఎంత మిగిలిందో నాకు తెలియదు. మిగిలినంతతో అడుగుతున్నాను.

ఇది చదువుతున్నవారు ఏ సంఘంవారైనా, అసలు ఏ సంఘానికీ వెళ్లనివారైనా, దయచేసి మాతో కలిసి అడగండి. పొడవుగా చేయక్కర్లేదు. ఊపిరి ఇచ్చే దేవా, ఆ పిల్లకు దాని సొంత ఊపిరి తిరిగి ఇవ్వు అంటే చాలు. ఆమె పేరు ఇక్కడ రాయలేను. జైపూర్‌లో అక్క కోసం ఆగిన చెల్లెలు అని చెప్పండి, ఆయనకు ఎవరో తెలుసు.